పెద్ద రైఫిల్ తన్నితే ఆ దెబ్బ ఎటు పోతుంది?

(మన సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



"ప్రతి సభలోనూ డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్లు, ఇవే అయిపోతున్నాయి. ఈసారి ఎవరైనా తాము చేసిన పని గురించి నాలుగు మాటలు చెప్పండి" అని కార్యదర్శి గారు నన్ను పట్టుకున్నారు. నా పని మీలో చాలామందికి తెలిసిందే. ఆర్మ్‌డ్ రిజర్వు బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో తుపాకులు తుడవడం, విరిగినవి బాగుచేయడం, బాగైనవి పేల్చి చూడడం. అందులోనే సర్వీసంతా గడిచింది. కాబట్టి తుపాకీ గురించే చెబుతాను. అయితే మన త్రీనాట్‌త్రీ గురించి కాదు. అది మీకందరికీ తెలుసు, మీ భుజాలకు ఇంకా బాగా తెలుసు. ఏనుగుల్నీ, అడవి దున్నల్నీ కొట్టడానికి చేసిన పెద్ద రైఫిళ్ళు ఎంత గట్టిగా తంతాయో, ఆ తన్నునూ, మూతి పైకి లేవడాన్నీ తగ్గించడానికి మనుషులు ఏమేం చేశారో చెబుతాను. ఆ వంకన మనకు పనికొచ్చే మాట ఒకటి చివర్లో మనవి చేసుకుంటాను.

మొదటే ఒక మాట. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత పెద్ద జంతువుల వేట ముగిసింది. అది మంచిదే అని నా అభిప్రాయం. ఈ రైఫిళ్ళకు ఇంకా పని ఉన్నది ముఖ్యంగా ఆఫ్రికాలోనే. అక్కడి పలు దేశాల్లో ప్రమాదకరమైన జంతువుల వేటకు .375 కంటే చిన్న రైఫిల్ వాడకూడదని నిబంధన ఉంది. మన దగ్గర ఇవి పాత కుటుంబాల బీరువాల్లో మిగిలాయి. ఎన్నికలొచ్చినప్పుడల్లా లైసెన్సుదారులు ఆయుధాలు డిపాజిట్ చేస్తారు గదా, అలా ఒకటీ అరా నా చేతికి వచ్చేవి. తెచ్చినవారు రసీదు తీసుకుంటూ తరచుగా ఒకటే అడిగేవారు: "మా తాతగారిది సార్, గాడిదలా తంతుంది. తన్నకుండా ఏదైనా చేయొచ్చా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు అది ఎందుకు తంతుందో చూడాలి.

గోదావరి ఒడ్డున పడవలోంచి గట్టు మీదికి దూకినవారికి తెలుసు. మనం ముందుకు దూకితే పడవ వెనక్కు పోతుంది. తుపాకీలోనూ అంతే. గుండు ముందుకు పోతే తుపాకీ వెనక్కు వస్తుంది. గుండు బరువును దాని వేగంతో గుణిస్తే ఎంత వస్తుందో, అంత తోపుడు తుపాకీకీ తగులుతుంది. దీనికి తోడు ఇంకొకటి ఉంది. చాలామంది దాన్ని మరిచిపోతారు. తూటాలోని మందు కాలి గ్యాసుగా మారి, గుండు వెనకాలే గొట్టం మూతిలోంచి బయటికి చిమ్ముతుంది. గుండు కంటే ఎక్కువ వేగంతో చిమ్ముతుంది. ఫైరింజను గొట్టం పట్టుకున్న మనిషిని నీళ్ళు వెనక్కు నెట్టినట్టు, ఈ గ్యాసు తుపాకీని వెనక్కు నెడుతుంది. గుండుదీ గ్యాసుదీ కలిపితే మొత్తం తన్ను.

అంకెల్లో చెబితే తేలికగా ఉంటుంది. మన త్రీనాట్‌త్రీ గుండు సుమారు 11 గ్రాములు. సెకనుకు 740 మీటర్ల పైచిలుకు వేగంతో పోతుంది. రైఫిల్ బరువు నాలుగు కిలోలు. లెక్క కడితే భుజానికి తగిలే దెబ్బ, కిలోన్నర పైచిలుకు రాయి మీటరు ఎత్తునుంచి పడినంత. 1912లో ఇంగ్లాండులోని హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ .375 మాగ్నమ్ అనే తూటా తెచ్చింది. దాని గుండు 19 గ్రాముల పైన, వేగం సెకనుకు 770 మీటర్లు. అదే నాలుగు కిలోల రైఫిల్లో పేలిస్తే, ఆరు కిలోల రాయి మీటరు ఎత్తునుంచి పడినట్టు. 1956లో అమెరికా వాళ్ళ .458 వించెస్టర్ మాగ్నమ్ వచ్చింది. దాని గుండు 32 గ్రాములు. ఇది ఎనిమిది కిలోల రాయి. మన త్రీనాట్‌త్రీకి దాదాపు అయిదింతలు. అదీ రెప్పపాటు కాలంలో, అరచేయంత మేర భుజం మీద.

ఇక మూతి పైకి లేవడం. ఇంట్లో బీరువాను జరపాలంటే ఏం చేస్తాం? అడుగున పట్టి తోస్తే జరుగుతుంది. పైన పట్టి తోస్తే ఒరుగుతుంది. తుపాకీ గొట్టం పైన ఉంటుంది, భుజానికి ఆనే మడమ కింద ఉంటుంది. తోపుడు పై గీతలో వస్తుంది, భుజం కింది గీతలో అడ్డుకుంటుంది. అందువల్ల తుపాకీ ఒరిగి మూతి ఆకాశం చూస్తుంది. గొట్టానికీ మడమకూ ఎత్తులో ఎంత తేడా ఉంటే అంత ఎక్కువ లేస్తుంది.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. ఇంత తన్నితే, ఇంత లేస్తే గురి తప్పదా అని. నిజానికి ఆ గుండు వరకు పెద్దగా తప్పదు. గుండు గొట్టంలో ఉండేది సెకనులో వెయ్యోవంతుకు కాస్త ఎక్కువ సేపు. ఆలోపు తుపాకీ వెనక్కు జరిగేది మూడు నాలుగు మిల్లీమీటర్లే. మనం చూసే తన్నూ, లేవడమూ అన్నీ గుండు వెళ్ళిపోయాక జరిగేవే. మరి ఎందుకు తగ్గించాలి? రెండు కారణాలున్నాయి. దెబ్బతిన్న దున్నపోతు మీదికి వస్తుంటే రెండో గుండు వెంటనే పడాలి, మూతి మళ్ళీ కిందికి దిగేదాకా అది ఆగదు. ఇది మొదటిది. రెండోది ఇంకా పెద్దది, జంకు. తన్నుతుందని తెలిసిన మనిషి ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్ళు మూసుకుంటాడు, భుజం ముందుకు బిగిస్తాడు, ట్రిగ్గర్ని గుంజేస్తాడు. గురి అక్కడ పోతుంది. పేలకముందే పోతుంది. జంతువు గాయంతో పొదల్లోకి పారిపోతుంది. దాన్ని వెతకడానికి ముందు నడిచేది వేటగాడు కాదు, అడుగుజాడలు చూసే కూలీ.

ఫ్రెడరిక్ సెలూస్ అని పేరుమోసిన ఇంగ్లీషు వేటగాడు ఉండేవాడు. 1870లలో ఆఫ్రికా దక్షిణ భాగంలో నాలుగు బోరు తుపాకులతో ఏనుగుల్ని కొట్టాడు. నాలుగు బోరు అంటే పౌను సీసంతో నాలుగు గుండ్లు, అంటే ఒక్కో గుండు పావు పౌను. ఒకసారి అతని మనిషి పొరబాటున ఒకే తుపాకీని రెండుసార్లు కూరి ఇచ్చాడు. అది పేలి సెలూస్‌ను నేల మీదినుంచి లేపి పడేసింది. ఆ తుపాకుల తన్ను తన నరాలను పాడుచేసిందనీ, తర్వాత కాలంలో తన గురిని దెబ్బతీసిందనీ, అసలు వాటిని ముట్టకుండా ఉండవలసిందనీ ఆయనే రాసుకున్నాడు. భుజం గాయం నెలలో మానుతుంది. ఈ జంకు మానదు.

సరే, తగ్గించే ఉపాయాలు చూద్దాం. ముఖ్యంగా నాలుగు ఉన్నాయి.

మొదటిది బరువు. తుపాకీ బరువు రెండింతలు చేస్తే దెబ్బ శక్తి సగమవుతుంది. ఇది అన్నిటికంటే పాతదీ, నమ్మకమైనదీ. .600 నైట్రో ఎక్స్‌ప్రెస్ అనే పాత డబుల్ బారెల్ రైఫిల్ గుండు 58 గ్రాములు. దాన్ని ఏడు కిలోల తుపాకీలో పెట్టారు, లేకపోతే మనిషి తట్టుకోలేడు. కొందరు తుపాకీ మడమలో రంధ్రం తొలిచి సీసమో, పాదరసం నింపిన గొట్టమో పెడతారు. పాదరసం అటూ ఇటూ కదిలి దెబ్బను కాస్త సాగదీస్తుంది గానీ, దానివల్ల వచ్చే లాభంలో ఎక్కువ భాగం బరువుదే. మరి దీని ఖరీదు ఎవరు చెల్లిస్తారు? రోజంతా ఆ బరువు మోసే మనిషి. పూర్వం దొర చేతులూపుకుంటూ నడిచేవాడు, తుపాకీ వేరే మనిషి భుజం మీద ఉండేది. అంటే దొర భుజానికి తప్పిన బరువు కూలీ భుజానికి చేరింది.

రెండోది కొయ్య ఆకారం. మడమ బాగా కిందికి వంగి ఉంటే మూతి ఎక్కువ లేస్తుంది, కొయ్య చెంప ఎముక మీద కొడుతుంది. మడమ తిన్నగా ఉండి, గొట్టం గీతకు దగ్గరగా ఉంటే తన్ను నేరుగా వెనక్కు వస్తుంది. మడమ చివర వెడల్పుగా ఉంటే దెబ్బ ఎక్కువ మేర పరుచుకుంటుంది. దీనికి మనకు తెలిసిన ఉదాహరణ ఉంది. కెన్నెత్ ఆండర్సన్ పేరు మీలో కొందరు విని ఉంటారు. బెంగుళూరులో ఉండి దక్షిణాది అడవుల్లో మనుషుల్ని తినే పులుల్ని వేటాడినవాడు, మన మామండూరు అడవుల గురించి కూడా రాసినవాడు. ఆయన చేతిలో ఉండేది వించెస్టర్ 1895 మోడల్ .405 రైఫిల్. అమెరికా అధ్యక్షుడిగా చేసిన థియొడోర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికాకు అదే రకం పట్టుకెళ్ళాడు. లెక్క ప్రకారం దాని తన్ను .375 కంటే బాగా తక్కువ. కానీ పేల్చినవాళ్ళు దాన్నే ఎక్కువ తిట్టుకున్నారు. ఎందుకంటే దాని మడమ కిందికి వంగి ఉంటుంది, చివర ఉక్కు పలక ఉంటుంది. అంకె చిన్నదైనా ఆకారం చెడ్డదైతే నొప్పి ఎక్కువే.

మూడోది మెత్త. ఇటుకలు అందుకునే కూలీని చూశారా? పైనుంచి ఇటుక వస్తుంటే చేతులు బిగించి పట్టుకోడు, ఇటుకతోపాటు చేతుల్ని వెనక్కు తీసుకుంటాడు. దెబ్బ అదే, కాని ఎక్కువ సేపు మీద పంచబడుతుంది. నీళ్ళ బిందె మోసే అమ్మ తలమీద చుట్టకుదురు పెట్టుకుంటుంది. బరువు అదే, కాని ఎక్కువ మేర మీద పంచబడుతుంది. మడమ చివర అంగుళం మందాన రబ్బరు మెత్త ఈ రెండు పనులూ చేస్తుంది. పాత ఇంగ్లీషు రైఫిళ్ళకు ఎర్ర రబ్బరు మెత్తలు ఉండేవి, ఏళ్ళు గడిచేసరికి రాయిలా గట్టిపడేవి. "తాతగారి తుపాకీ గాడిదలా తంతుంది" అన్నవారి తుపాకుల్లో కొన్నిటికి నేను చూసిన జబ్బు ఇదే. ఇప్పటి కొత్త రకం మెత్తలు చాలా నయం. ఫిరంగుల్లోనూ ఇదే సూత్రం. 1897లో ఫ్రెంచివాళ్ళు తెచ్చిన 75 మిల్లీమీటర్ల ఫిరంగిలో గొట్టం నూనె, గాలి ఉన్న సిలిండర్ మీద వెనక్కు జారి మళ్ళీ తన చోటికి వచ్చేది. అంతకుముందు ఫిరంగి పేలిన ప్రతిసారీ బండి మొత్తం వెనక్కు ఎగిరేది, మళ్ళీ తెచ్చి గురి సరిచూసుకోవలసి వచ్చేది.

మెత్త విషయంలో ఒక జాగ్రత్త ఉంది. ఉన్నదాని మీద మందపాటి మెత్త అంటిస్తే కొయ్య పొడవు పెరుగుతుంది, తుపాకీ ఎత్తేటప్పుడు చంకలో తట్టుకుంటుంది. కాబట్టి కొయ్యను అంతమేరకు కోసి అమర్చాలి. టెలిస్కోపు ఉంటే అది కంటికి మూడున్నర అంగుళాలైనా దూరంలో ఉండాలి. లేకపోతే కనుబొమ్మ మీద అర్ధచంద్రాకారంలో కోత పడుతుంది. అలా కుట్లు వేయించుకున్నవారిని నేను చూశాను.

నాలుగోది మజిల్ బ్రేకు. గొట్టం మూతికి బిగించే చిన్న ఉక్కు గొట్టం, దానికి పక్కలకు రంధ్రాలు ఉంటాయి. గ్యాసు ముందుకు పోకుండా ఆ రంధ్రాల గోడలకు కొట్టుకుని పక్కలకు మళ్ళుతుంది. అలా కొట్టుకున్నప్పుడు తుపాకీని ముందుకు లాగుతుంది. రంధ్రాలు పైవైపు ఉంటే గ్యాసు పైకి చిమ్మి మూతిని కిందికి నొక్కుతుంది. కొందరు విడి బ్రేకు లేకుండా గొట్టానికే సన్నని చీలికలు పెట్టిస్తారు. అవి మూతి లేవడాన్ని తగ్గిస్తాయి గాని, వెనక్కు తన్నడాన్ని అంతగా తగ్గించవు.

బ్రేకు పట్టుకోగలిగేది గ్యాసును మాత్రమే. గుండు వాటా దాని చేతికి చిక్కదు. .375లో మొత్తం తోపుడులో గ్యాసు వాటా సుమారు 30 శాతం. ఆ గ్యాసునంతా పక్కలకు మళ్ళిస్తే దెబ్బ శక్తి సగానికి దిగుతుంది. .458లో గుండు బరువెక్కువ, మందు తక్కువ. గ్యాసు వాటా 20 శాతమే, కాబట్టి తగ్గేది మూడోవంతు. మందు ఎక్కువ, గుండు తేలిక అయిన రైఫిళ్ళకు బ్రేకు బాగా పనిచేస్తుందని దీన్నిబట్టి తెలుస్తుంది. అయినా సగం తగ్గడం సామాన్యమైన విషయం కాదు. బ్రేకు పెట్టిన పెద్ద రైఫిల్ పేల్చినవాడు నవ్వుతూ లేస్తాడు.

మిత్రులారా, అసలు సంగతి ఇక్కడుంది. ఆ గ్యాసు ఎటు పోయింది? పక్కలకూ, వెనక్కూ. దానితోపాటు శబ్దమూ అటే వస్తుంది. 140 డెసిబెల్స్ దాటిన ఒక్క పేలుడు కూడా చెవికి హాని చేయగలదని వైద్యులు చెబుతారు. పెద్ద రైఫిల్ బ్రేకు లేకుండానే 160 దగ్గర ఉంటుంది. బ్రేకు పెడితే పేల్చినవాడికీ, పక్కన ఉన్నవాడికీ అది ఇంకా కొన్ని డెసిబెల్స్ పెరుగుతుంది. కొన్నే గదా అనుకోకండి. ఆరు డెసిబెల్స్ పెరిగితే చెవి మీద పడే ఒత్తిడి రెండింతలు.

నాకు అనుభవంలో ఉన్న మాట ఇది. చాలా ఏళ్ళ క్రితం పరిచయస్తుడొకాయన తన .375కు బ్రేకు పెట్టించి, రేంజిలో పేల్చి చూడడానికి నన్ను పిలిచాడు. ఆయన చెవులకు మఫ్‌లు పెట్టుకున్నాడు. నేను ఎడమ పక్కన రెండడుగుల దూరంలో నిలబడి గుండు ఎక్కడ పడిందో చూస్తున్నాను. నా చెవుల్లో దూది కూడా లేదు. సర్వీసులో అలాగే అలవాటు, చెవులు మూసుకుంటే మగతనం కాదనుకునే రోజులు. ఆయన పేల్చి "ఏమీ తన్నలేదు, గురువుగారూ" అన్నాడు. ఆ మాట నేను వినలేదు, పెదవులు కదలడం చూశాను. మూడు రోజులు చెవిలో గుయ్యిమంది. కుడి చెవి తేరుకుంది. ఎడమ చెవి పూర్తిగా తేరుకోలేదు, ఇప్పటికీ రాత్రి పడుకుంటే అందులో చిమ్మెట కూస్తూనే ఉంటుంది. ఆయన్ని నేను తప్పుపట్టను, తప్పు నాదే. ఆయుధాల మనిషిని, ముందుగా తెలుసుకోవలసినవాణ్ణి నేనే. ఆయన భుజానికి తగలవలసిన దెబ్బలో సగం నా చెవికి తగిలింది, అంతే.

ఆఫ్రికాలో చాలామంది వృత్తి వేటగాళ్ళకు బ్రేకు అంటే పడదు. కారణం ఇదే. గురిచూసే అతిథి పక్కనే వారూ, అడుగుజాడలు చూసే మనిషీ నిలబడాలి. జంతువు అలికిడి వినడానికి చెవులు తెరిచే ఉంచాలి. చెవులతో బతికే ఆ మనిషి చెవులే పోతే ఎలా? అందుకని కొందరు "రేంజిలో బ్రేకు బిగించుకో, అడవిలోకి వచ్చేటప్పుడు విప్పేయ్" అంటారు. అయితే విప్పాక గుండు వేరే చోట పడవచ్చు, మళ్ళీ గురి సరిచూసుకోవాలి. ఇప్పుడు ఫిన్లాండ్, న్యూజిలాండ్ వంటి దేశాల్లో వేట రైఫిళ్ళకు శబ్దం తగ్గించే సైలెన్సర్లు చట్టబద్ధంగా వాడుతున్నారు. అవి గ్యాసును లోపలే నెమ్మదింపజేసి, తన్నునూ శబ్దాన్నీ రెంటినీ తగ్గిస్తాయి. ఖరీదు మాత్రం అక్కడా ఉంది, గొట్టం పొడవూ బరువూ పెరుగుతాయి.

పాత డబుల్ బారెల్ రైఫిళ్ళ గురించి ఒక హెచ్చరిక. ఆ రెండు గొట్టాలూ సమాంతరంగా ఉండవు. కుడి గొట్టం పేలితే తుపాకీ కుడికీ పైకీ తిరుగుతుంది, ఎడమది పేలితే ఎడమకు. ఆ తిరుగుడును ముందే లెక్కలోకి తీసుకుని, పనివాడు ఒక నిర్ణీతమైన తూటాతో మళ్ళీ మళ్ళీ పేల్చి చూస్తూ, రెండు గుండ్లూ ఒకేచోట పడేలా గొట్టాలను అతికిస్తాడు. అంటే తన్ను అక్కడ లోపం కాదు, గురిలో భాగం. దానికి సీసం పోసినా, బ్రేకు పెట్టినా రెండు గుండ్లూ రెండు దారులు పడతాయి. ఒకాయన నాన్నగారి డబుల్ బారెల్ తెచ్చి "మూతి దగ్గర నాలుగు రంధ్రాలు వేయించండి" అన్నాడు. "అయ్యా, మీ నాన్నగారి కంటే ముందు దీన్ని చేసినవాడు ఈ తన్నును లెక్క వేసే చేశాడు. రంధ్రం వేస్తే తన్నూ పోతుంది, తుపాకీ కూడా పోతుంది" అని చెప్పి పంపేశాను. గట్టిపడిన మెత్త ఒక్కటి మార్పించుకున్నాడు. దాంతోనే తృప్తిపడ్డాడు.

నాలుగు ఉపాయాలు చెప్పాను. అయిదోది మనిషి. పెద్ద రైఫిల్ను పడుకుని పేల్చకూడదు. పడుకున్నప్పుడు ఒళ్ళు వెనక్కు ఊగదు, దెబ్బంతా భుజం ఎముకే తింటుంది. నిలబడి, ఒక కాలు ముందుకు వేసి, ఒళ్ళు కాస్త ముందుకు వాల్చి పేల్చాలి. మడమను భుజానికి గట్టిగా ఆనించాలి. సందు వదిలితే అది తోపు కాదు, గుద్దు అవుతుంది. ముందు చెయ్యి బిగువుగా పట్టాలి. ఒక్కరోజులో నాలుగైదు తూటాలకు మించి కాల్చకూడదు. మిగతా అభ్యాసం .22తో చేయాలి. జంకు పోగొట్టడానికి మేం రిక్రూట్లకు చేసే వైద్యం ఒకటుంది. అసలు తూటాల మధ్యలో ఉత్తుత్తి తూటా ఒకటి రిక్రూటుకు తెలియకుండా పెడతాం. అది పేలదు గాని, అతని భుజం ఎగురుతుంది, మూతి కిందికి వంగుతుంది. అతని జంకు అతనికే కనిపిస్తుంది. కనిపించాక తగ్గుతుంది.

అన్నిటికంటే తేలిక వైద్యం, తాను మోయగలిగిన తుపాకీనే పట్టడం. జిమ్ కార్బెట్‌కు 1907లో చంపావత్ పులిని చంపినందుకు బహుమతిగా .275 రిగ్బీ రైఫిల్ ఇచ్చారు. తేలికైన తుపాకీ. 1930లో చౌగఢ్ ఆడపులి ఎదురుపడ్డప్పుడు ఆయన ఎడమ చేతిలో పిట్ట గుడ్లున్నాయి. కుడి చేత్తోనే రైఫిల్ను మెల్లగా తిప్పి పేల్చాడు, పులి పడిపోయింది. ఆయన దగ్గరే ఉన్న పెద్ద డబుల్ బారెల్‌తో ఆ పని సాధ్యమయ్యేది కాదు. అలాగే డబ్ల్యు.డి.ఎం. బెల్ ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపాడు. అందులో ఎక్కువ భాగం ఇదే చిన్న తూటాతో. ఆయనకు ఏనుగు తల లోపల ఎముకలు ఎలా ఉంటాయో తెలుసు. అంతటి తెలివి లేనివారికి ఆ తుపాకీతో ఏనుగు ముందు నిలబడమని చెప్పను. కాని జంకుతో పేల్చిన పెద్ద గుండు కంటే, నిదానంగా పేల్చిన చిన్న గుండే మేలు అన్నది ఇద్దరి అనుభవమూ చెబుతుంది.

ఇక మనకు సంబంధించిన మాటలు చెప్పి ముగిస్తాను.

ఒకటి. మీ ఇళ్ళల్లో గాని, మీకు తెలిసినవారి ఇళ్ళల్లో గాని పాత తుపాకీ ఉంటే, సొంతంగా కోయడం, తొలవడం చేయించకండి. గొట్టం పొట్టి చేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే నేరం. లైసెన్సుదారు కాలం చేస్తే, వారసులు ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేసి, ఆ తర్వాత దరఖాస్తు పెట్టుకోవాలి. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు.

రెండు. చెవులు. ఈ హాల్లో ముందు వరస ముందుగా ఎందుకు నిండిందో నాకు తెలుసు. ఏళ్ళ తరబడి ఫైరింగ్ ప్రాక్టీసులో, రేంజిలో, మనం చెవులు మూసుకోకుండా నిలబడ్డాం. లోపలి చెవిలోని సన్నని కణాలు ఒకసారి పోతే మళ్ళీ మొలవవు. ముందు పోయేది సన్నని శబ్దాలే. మనవరాలి గొంతు, ఫోను మోత, పిట్ట కూత. "టీవీ శబ్దం తగ్గించండి" అని ఇంట్లో అంటే మనకు కోపం వస్తుంది. "నీ మాట నాకు వినబడట్లేదు" అని ఒప్పుకోవడానికి సిగ్గుపడి, నేను అయిదేళ్ళు మా ఆవిడ చెప్పిన ప్రతి మాటకూ తల ఊపాను. ఏం మాటలకు ఊపానో ఇప్పటికీ ఆవిడే చెప్పాలి. చివరికి చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళి పరీక్ష చేయించుకుని మిషను పెట్టుకున్నాను. పరీక్షకు పట్టింది అరగంట. అయిదేళ్ళు ఆలస్యం చేశాను. మీరు చేయకండి. మీ పిల్లలో, మనవలో ఇప్పుడు పోలీసులో, ఎన్‌సీసీలో, రైఫిల్ క్లబ్బులో ఉంటే, చెవిలో బిరడా, దాని మీద మఫ్, రెండూ పెట్టుకోమని చెప్పండి. పేల్చేవాడు మాత్రమే కాదు, పక్కన నిలబడేవాడు కూడా.

మూడోది ఈ తుపాకులు నాకు నేర్పిన మాట. తన్ను మాయమైపోదు. బరువు పెంచితే మోసేవాడి భుజానికి పోతుంది. మెత్త పెడితే సమయంలోకి పోతుంది. బ్రేకు పెడితే పక్కవాడి చెవికి పోతుంది. కాబట్టి "తగ్గిందా?" అని మాత్రమే కాదు, "ఎవరికి చేరింది?" అని కూడా అడగాలి. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ రెండో ప్రశ్న నేను కొంచెం ఆలస్యంగా నేర్చుకున్నాను.